కడగని చెయ్యి

పిల్లప్పకు ఈ లోకంలో ఎవరి మీదైనా కడుపుమంట ఉందంటే అది బావమరిది సునీల్‌కుమార్ మీదే. వాడు తాగి రోడ్డు మీద పడిపోయే రోజుల్లో ఇంత మంట లేదు. అప్పుడు వాడిని కేజీఎఫ్ నుంచి బండి వెనక తువ్వాలతో నడుముకు కట్టుకుని తెచ్చి, వాంతి కడిగి, పశువుల కొట్టంలో పడుకోబెట్టింది పిల్లప్పే. "అల్లుడంటే పిల్లప్పరా" అని ఊరంతా అనేది. ఆ సునీల్ తాగుడు మాని, ప్రార్థనలో చేరి, పరిశుద్ధంగా బతుకుతానని మొదలుపెట్టినప్పటి నుంచీ పిల్లప్ప పేరు ఎత్తే దిక్కు లేదు. పుట్టినప్పటి నుంచీ తాగనివాడు తాగకపోతే ఎవరికీ కనబడదు. తాగినవాడు మానితే మాత్రం చూడడానికి ఊరంతా వస్తుంది.

ఆ రోజు పొద్దున కూడా పిల్లప్ప అరుగు మీద కూర్చుని రాగి అంబలి తాగుతుంటే సునీల్ మోపెడ్ చప్పుడు వినబడింది. ఇంటి పక్కన రేకుల కప్పు కింద పట్టుపురుగుల గది ఉంది. పురుగు ఒంటి తోలు విడిచే ప్రతిసారీ మేత మాని మత్తుగా పడి ఉంటుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుల ఆకలికి అంతు ఉండదు. నాలుగు స్టాండ్ల నిండా తట్టల్లో అవి మల్బరీ ఆకు కొరికే చప్పుడు సన్నటి వాన పడుతున్నట్టు అరుగు దాకా వస్తోంది. ఇంకో మూడు రోజుల్లో పండి గూడు కడతాయి.

సునీల్ మోపెడ్ చెట్టు కింద నిలిపి, నేరుగా కొళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. కాళ్లు కడుక్కున్నాడు. గడప దగ్గర పరిచిన సున్నంలో అడుగు వేసి అప్పుడు పలకరించాడు.

"బాగుండావా బావా?"

"బాగుండక ఏం? నువ్వు ప్రార్థన చేస్తాండావు గదా."

సునీల్ నవ్వాడు. ఆ నవ్వు కూడా పిల్లప్పకు గిట్టదు. వెటకారాన్ని వెటకారంగా తీసుకోనివాడితో ఎట్లా కొట్లాడేది?

లోపలి నుంచి గంగులమ్మ కేక వేసింది. "తమ్ముడూ, ఈ కడగొట్టు స్టాండుకు ఆకెయ్యి రా. నీ చేతికి బలే మేస్తాండాయి పురుగులు." అని, భర్త వైపు తల తిప్పి, "ఏమయ్యా, నువ్వు కూడా చేతులు కడుక్కోని రా. పొగాకు నలిపింటావు," అంది.

మెత్తగానే అంది. అదే పిల్లప్పకు గుచ్చుకుంది. గంగులమ్మ నోరంటే కురుడుమలె దాకా పేరు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె తిట్టని రోజు లేదు. ఆవు పాలు తగ్గినా, వాన రాకపోయినా మొగుడిదే తప్పు. ఆ నోటికి భయపడే పిల్లప్ప సాయంత్రాలు హనుమంతప్ప టీ అంగడి దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. తమ్ముడి వెంట ఆదివారాలు ప్రార్థనకు పోవడం మొదలుపెట్టినాక ఆమె తిట్టడం మానేసింది. కూతురికి పెళ్లి చేసి బంగారుపేటకు పంపినాక ఇల్లు సగం ఖాళీ అయింది. ఈ నోరు ఆగిపోయాక మొత్తం ఖాళీ అయింది. ఇరవై ఆరేళ్లు తన వల్ల కానిది ఆ తాగుబోతు వల్ల ఎట్లా అయింది?

అంబలి చెంబు తీసుకుపోవడానికి వచ్చిన గంగులమ్మ పోలేదు. కొంగు చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

"నేత్రావతి వస్తాదంటయ్యా. పురుగులు పండే రోజుకు. చేతులు కావాల గదా మనకు."

పిల్లప్ప తలెత్తాడు. నేత్రావతి గంగులమ్మ చెల్లెలు. ఇరవై ఏళ్ల కిందట కేజీఎఫ్‌లో వేరే కులం పిల్లవాణ్ణి చేసుకుని పోయినప్పటి నుంచీ ఈ గడప తొక్కలేదు. మొగుడు పోయాడు. ఇప్పుడు తెల్లవారకముందే బంగారుపేటలో రైలెక్కి బెంగళూరు గార్మెంట్సుకు పోతోందని మాత్రం తెలుసు.

"రానీ. దానికేం?"

"వచ్చినప్పుడు ఆ నేల మాట కూడా చెప్పేద్దామని. మూడో భాగం దానికి రాసిస్తా."

సంగతి పిల్లప్పకు తెలియనిది కాదు. పోయిన నెల సునీల్ అక్క ముందు కూర్చుని ఏడ్చాడు. గనిలో దిగి ఊపిరితిత్తులు అరగదీసుకున్న వాళ్ల నాయిన రామాంజినప్ప, ఆ కూలి దుడ్డుతోనే ఈ ఎకరా ఇరవై ఆరు గుంటలు, అంటే మొత్తం అరవై ఆరు గుంటల నేల, కొన్నాడు. మంచాన పడ్డప్పుడు, "చిన్నదాన్ని పిలుచుకొని రారా, దానికీ ఒక భాగం రాసి కన్ను మూస్తా" అని సునీల్ చేతిలో బస్సు చార్జీ పెట్టి పంపాడు. సునీల్ ఆ దుడ్డు తాగేశాడు. తిరిగొచ్చి, "అది నీ మొగం చూడనంటాండాది నాయినా" అని చెప్పాడు. ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తాగుబోతు కొడుక్కు రాయలేదు. రానన్న కూతురికి రాయలేదు. నేలంతా గంగులమ్మ పేరున రాసి పోయాడు.

"ఏ మూడో భాగమే?" పిల్లప్ప లేచి నిలబడ్డాడు. "మీ నాయిన కొన్నప్పుడు ఆడ ఏముండె? కంప, రాళ్లు. ఆ రాళ్లు ఏరింది ఎవురు? చెరువు మన్ను తోలింది ఎవురు? బోరు వేసేదానికి నా ఎద్దుల జత అమ్మింది ఎవురు?"

"నువ్వే. కాదన్నానా?"

"అంటే బాగుండు! కాదను, తిట్టు, కొట్లాడు! ఊరికే ఇట్ల చల్లగా మాట్లాడి మెడ కోస్తావేమే?"

"నాయిన దానికి ఇయ్యాలనుకున్నది నేను పెట్టుకోని ఎట్ల నిద్రపోయేదయ్యా? తెలీనప్పుడు సరే. తెలిసినాక?"

"ఇల్లరికం వచ్చినోడికి ఇంగ ఏం మిగిలిందిలే. ఇన్నేండ్లు చేసినా నేను ఈ ఇంట్లో కూలోడే."

సునీల్ ఆకు బుట్ట పట్టుకుని గడపలోకి వచ్చాడు. "బావా, నా మాట ఒకటి విను..."

"నువ్వు నోరు ముయ్‌రా!" పిల్లప్ప గొంతు ఊరికి వినబడేట్టు లేచింది. "అబద్ధం చెప్పింది నువ్వు. దుడ్డు తాగింది నువ్వు. ఏడ్చి మంచోడనిపించుకునింది నువ్వు. పోయేది మాత్రం నా నేలనా? బాగుండాదిరా నీ పరిశుద్ధత! స్నానం నీది, నీళ్లు నా బోరువి."

సునీల్ తల వంచుకున్నాడు. "నిజమే బావా. ఇయ్యాలంటే నాకు నేల లేదు. ఉండేది ఈ రెండు చేతులే. నువ్వు చాలు అనేదాకా ప్రతి పంటకూ వచ్చి చేస్తా, కూలి వద్దు. పరిశుద్ధంగా బతికేదంటే ఆదివారం తెల్లచొక్కా ఏసుకునేది అనుకుంటి మొదట్లో. కాదు. యాడ తొక్కి పాడు చేసినానో ఆడికే మళ్లీ పోవాల. పోతే సిగ్గయితాది. అయినా పోవాల."

"నీ ప్రసంగం ఆ కేజీఎఫ్ గని కూలోళ్ల లైన్లలో చెప్పుకో పో," అని పిల్లప్ప తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డెక్కాడు.

నంగలి రోడ్డు మీద హనుమంతప్ప టీ అంగడి. అక్కడైనా మనశ్శాంతి ఉంటుందనుకుంటే, గ్లాసు చేతికిస్తూనే హనుమంతప్ప మొదలుపెట్టాడు.

"ఏమప్పా, మీ బావమరిది పొద్దన్నే పోతాండె? నిన్న మా మనవరాలికి జరమొస్తే తలమింద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. సాయంత్రానికి లేసి ఆడుకునింది."

"జరం మాత్ర కూడా ఏసింటావు గదా?"

"ఏసినాలే. ఏసినా గానీ..." హనుమంతప్ప నవ్వాడు. "ఏమన్నా అను, ఆయప్ప చెయ్యి మంచిదప్పా. మీ పురుగులు కూడా ఆ చేతికే మేస్తాయంట గదా? ఇంగ నువ్వు ఈడే కూసోని టీ తాగొచ్చు."

బెంచీ మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. పిల్లప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే తిత్తి తీసి, అరచేతిలో పొగాకు వేసుకుని, సున్నం రాసి, బొటనవేలితో నలిపాడు. మామూలు కంటే ఎక్కువసేపు నలిపాడు. అది దవడలో పెట్టుకుని ఇంటి దారి పట్టాడు.

ఇంటికి వచ్చేసరికి అక్కాతమ్ముళ్లిద్దరూ తోటలో మధ్యాహ్నం మేతకు ఆకు కోస్తున్నారు. ఏదో మాట్లాడుకుంటూ కోస్తున్నారు. గంగులమ్మ నవ్వు వినబడింది. తనతో అట్లా నవ్వి ఎన్నాళ్లయింది? పిల్లప్ప కొళాయి దాటాడు. సున్నం దాటాడు. పురుగుల గదిలోకి పోయి, మూలన తడిగుడ్డ కింద ఉన్న ఆకు రెండు చేతులా ఎత్తి కడగొట్టు స్టాండుకు వెయ్యడం మొదలుపెట్టాడు. పై తట్ట, దాని కింద తట్ట, దాని కింద తట్ట. నా చేతికి మేయవా? మేయకుండా ఎట్లా ఉంటాయో చూస్తా.

పొగాకు అంటిన చెయ్యి పట్టుపురుగుకు విషం. అది ఆ తాలూకాలో పలక పట్టని పిల్లకు కూడా తెలుసు. ఒకప్పుడు చెవి వెనక బీడీ పెట్టుకుని ఈ గదిలోకి వచ్చిన సునీల్‌ను మెడ పట్టి బయటికి గెంటింది ఇదే పిల్లప్ప. ఆ నియమం వాడికి నేర్పింది ఇదే నోరు. కానీ కడుపు మండుతున్నప్పుడు మనిషికి తను ఇతరులకు చెప్పిన మాటే ముందు మరుపున పడుతుంది.

"బావా..." గడపలో సునీల్. నెత్తిన ఆకు బుట్ట. అతని చూపు పిల్లప్ప ఉబ్బిన దవడ మీద పడి, అక్కడ నుంచి చేతుల మీదికి జారింది. "బావా, చేతులు..."

"ఏం నా చేతులు? నువ్వు నేర్పల్లనా నాకు? ఇరవై ఆరేండ్లు ఈ చేతులే మేపినాయిరా వీటిని."

అట్టడుగు తట్ట దాకా వేసి, సునీల్‌ను భుజంతో తోసుకుని బయటికి పోయాడు పిల్లప్ప. మామిడి చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. సునీల్ ఆ తట్టల్లో ఆకు గబగబా ఏరి బయట పారేశాడు గానీ, ఆకలి మీద ఉన్న పురుగులు అప్పటికే పట్టేశాయి.

పొద్దు వాలుతుండగా గంగులమ్మ కేక విని పిల్లప్ప లేచి పరిగెత్తాడు. కడగొట్టు స్టాండులో పురుగులు తలలు పైకెత్తి, పచ్చటి నీళ్లు కక్కుతూ, నిప్పుకు తగిలిన దారంలాగా మెలికలు తిరుగుతున్నాయి. కొన్ని అప్పటికే నిడుపుగా చాచుకుని పడి ఉన్నాయి. వాన చప్పుడు ఆ మూల మాత్రం ఆగిపోయింది.

కేకకు పక్కింటి జయలక్ష్మమ్మ వచ్చి గడప బయటే నిలబడి లోపలికి తొంగిచూసింది. "అయ్యో, పొగాకు తగిలినట్టుండాది గదమ్మా! ఎవురు పెట్టినారు చెయ్యి?" అంటూ సునీల్ వైపు అదోలా చూసింది. "ఎంత మానినా పాత బీడీ చెయ్యి యాడికి పోతాది?"

గంగులమ్మ తమ్ముడి ముందుకు వచ్చింది. "నువ్వా?"

"కాదక్కా."

"ఎవురో తెలుసునా?"

"తెలుసు."

"చెప్పు మరి."

"చెప్పనక్కా. అది నేను చెప్పే మాట కాదు."

పిల్లప్ప తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చెప్తే బాగుండు, వాడూ మనలాంటివాడే అని తేలిపోతుంది. లేదంటే నేనే అని అబద్ధమాడి నెత్తిన వేసుకుంటే బాగుండు, పరిశుద్ధుడి నోట అబద్ధం వచ్చిందని ఊరంతా చాటొచ్చు. వాడు రెండూ చెయ్యలేదు. ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు. ఆ నిలబడడం చూసి పిల్లప్పకు ఒళ్లంతా మండింది.

"వాడే! ఇంగెవురు? లైన్లలో ఎవురెవురి చేతులో ముట్టుకోని వస్తాడు..."

గంగులమ్మ తమ్ముడి చెయ్యి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆకు పసరు వాసన. వదిలింది. రెండడుగులు వేసి మొగుడి దగ్గరికి వచ్చింది. పిల్లప్ప చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె పట్టుకుంది. ఆ చేతిని ముక్కు దగ్గరికి తీసుకుపోయి, అట్లాగే ఉండిపోయింది.

జయలక్ష్మమ్మ చప్పుడు చెయ్యకుండా ఇంటికి పోయింది.

"తిట్టు," అన్నాడు పిల్లప్ప. "తిట్టవే! ఏం, నోరు పడిపోయిందా?"

గంగులమ్మ కళ్ల నుంచి నీళ్లు కారి ఆ చేతి మీదే పడ్డాయి. "నా మింద కోపముంటే నన్ను రెండు కొట్టరాదా అయ్యా? నేల ఇస్తానన్నది నేను గదా. వీటికేం తెలుసు? నోరు లేని పురుగులు. నువ్వు పెడితే తిన్నాయి."

"చంపల్లని కాదే..."

"మరి ఎందుకు?"

పిల్లప్ప నోరు తెరిచాడు. చిన్నపిల్లవాడి గొంతు వచ్చింది. "వాని చేతికి బలే మేస్తాండాయంటివి. నా చేతికి కూడా... ఇన్నేండ్లు మేపినా గదా... నా చేతికి కూడా మేస్తాయని..."

అంతే. అక్కడే గడప మీద, ఆ సున్నంలో కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గంగులమ్మ అట్లాగే చూస్తూ నిలబడింది. ఇరవై ఆరేళ్లలో ఆయన చేతికి ఒక్క మంచి మాట తను ఇచ్చిందా? తిట్టినన్నాళ్లు ఇవ్వలేదు. తిట్టడం మానినాక కూడా ఇవ్వలేదు. ఇచ్చిందంతా తమ్ముడికే.

సునీల్ బయటికి పోయి బకెట్ నీళ్లు, సబ్బు తెచ్చాడు. బావ ముందు గొంతుక్కూర్చుని చెంబు ముంచాడు.

"చెయ్యి పట్టు బావా. ఇంకా మూడు స్టాండ్లుండాయి. ఏది పండిందో, ఏది ఇంకా మెయ్యాలో ఈడ నీకు తప్ప ఎవురికి తెలుసు? నేను ఉత్త ఆకేసేవాణ్ణే."

పిల్లప్ప చేతులు చాచాడు. సునీల్ నీళ్లు పోస్తుంటే గోళ్ల సందుల్లో పసుపు మరక వదిలేదాకా రుద్దుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎందుకురా చెప్పలేదు?"

"నేను చెప్పింటే నువ్వు లేదనేవాడివి. ఒకసారి లేదంటే ఇంగ దాంట్లోనే ఉండాల. ఆ కొంపలో నేను చానా ఏండ్లు ఉండొచ్చినా బావా. బాగుండదు."

ఆ సాయంత్రమే కడగొట్టు స్టాండు పురుగులన్నీ తోట చివర గుంతలో పోసి సున్నం చల్లారు. తట్టలు బ్లీచింగ్ నీళ్లలో కడిగి ఎండబెట్టారు. పొగాకు తిత్తి కూడా ఆ గుంతలోకే పోయిందని కథ చెప్పుకుంటే బాగుంటుంది. పోలేదు. పిల్లప్ప దాన్ని తీసి మామిడి కొమ్మకు తగిలించాడు, అంతే.

మూడో రోజు పురుగులు పండాయి. బస్సు దిగి నేత్రావతి వచ్చింది. తల సగం నెరిసింది. చెప్పులు గేటు బయటే వదిలి, ఎవరూ చెప్పకుండానే కొళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కుని, కాళ్లు కడుక్కుని, సున్నంలో అడుగు పెట్టింది. ఇరవై ఏళ్లయినా ఇంటి పద్ధతి మరచిపోలేదు. పిల్లప్ప అది చూశాడు.

"ఏం బావా, నా మింద కోపం పోయిందా? ఆ తిత్తి మాత్రం పోలేదే, మామిడిచెట్టుకు కాసిందే!" అంది నేత్రావతి కొమ్మ వైపు చూస్తూ.

"అది కాయేలే, కోయొద్దు," అన్నాడు పిల్లప్ప. అక్కాచెల్లెళ్లు పకపకా నవ్వారు.

ఆ పొద్దంతా నలుగురూ వంగిన నడుము ఎత్తలేదు. మేత మాని, ఒళ్లు తేనెరంగు తిరిగి, తలెత్తి చూసే పురుగును ఏరి చంద్రికల మీద వెయ్యాలి. వెదురు చాప మీద చుట్టలు చుట్టలుగా అల్లిన ఆ చంద్రికల్లోనే అవి గూడు కడతాయి. "ఇదిగో, ఇది పండింది. అది ఇంకొంచెం ఆగల్ల," అని పిల్లప్ప చెబుతుంటే మిగతా ముగ్గురూ వింటున్నారు. నేల మాట నేత్రావతి ఎత్తలేదు. మధ్యాహ్నం ముద్ద తింటూ మాత్రం ఒక మాట అంది.

"నాయిన నన్ను పిలిచినాడంట గదా బావా. ఇన్నేండ్లు వద్దనుకున్నాడనే అనుకుంటి. నాకు అది చాలు." ముద్ద చారులో అద్దుకుంటూ, "చాలదులే. చాలనుకుంటాండా," అంది.

సునీల్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆమె అతని వైపు చూడకుండానే చారు గిన్నె అతని ముందుకు జరిపింది.

రెండు రోజుల తర్వాత కొలత. సర్వే మనిషి గొలుసు పట్టుకుని వచ్చాడు. తూర్పు పక్క దిన్నె. ఎంత ఏరినా రాళ్లు తేలే నేల. పడమటి పక్క బోరు కాలువ పారేది, ఎండాకాలంలో కూడా మల్బరీ పచ్చగా ఉండేది.

"ఏ పక్కన కొయ్యాలమ్మా?" అని అడిగాడు సర్వే మనిషి.

గంగులమ్మ మొగుడి వైపు చూసింది. "ఆయప్పనే అడుగు. ఆ నేల ఒళ్లు తెలిసినోడు ఆయప్పే. ఆయప్ప చెయ్యి పడకపోతే అది ఇంకా కంపే."

ఎవరైనా దబాయించి అడిగి ఉంటే పిల్లప్ప దిన్నె చూపించేవాడు. చూపించి, మూడో భాగం మూడో భాగమే గదా అని వాదించేవాడు. ఎవరూ దబాయించలేదు. సునీల్ గట్టు మీద కూర్చుని ఎటో చూస్తున్నాడు. నేత్రావతి ఒక మల్బరీ ఆకు తుంచి వేళ్ల మధ్య తిప్పుతోంది. పిల్లప్ప కాలువ వెంట నడిచి, తాను తోలిన చెరువు మన్ను మీద నిలబడి, మడమతో నేలను ఒక్క తన్ను తన్నాడు.

"ఈడ పాతప్పా రాయి."

ఆ బురద కాళ్లతోనే, గూళ్లు ఎట్లా కట్టాయో చూద్దామని పురుగుల గది వైపు నడిచాడు. కాలు గడప దాటబోతుంటే, తనకన్నా ముందే వచ్చేసిన గంగులమ్మ గొంతు లోపలి నుంచి పిడుగు పడ్డట్టు వచ్చింది.

"ఓయ్! ఆ మన్ను కాళ్లేసుకోని లోపలికొస్తే కాళ్లిరగ్గొడతా! బుద్ధి ఉండాదా నీకు? కడుక్కోని రాపో!"

ఊరంతా విన్నది. గంగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గట్టు మీద నుంచి వచ్చిన సునీల్ పగలబడి నవ్వాడు. పిల్లప్ప వెనక్కి తిరిగాడు. కొళాయి తిప్పి, కాళ్లు కడుక్కున్నాడు. చేతులు కడుక్కున్నాడు. మొహం కూడా కడుక్కున్నాడు, అది అవసరం లేకపోయినా. కళ్లలో నీళ్లు ఎవరూ చూడకూడదు గదా.

మరుసటి వారం ములబాగిలు రిజిస్ట్రారు ఆఫీసులో గంగులమ్మ సంతకం పెట్టింది, సాక్షిగా పిల్లప్ప వేలిముద్ర వేశాడు. ఒక స్టాండు పురుగులు పోయాయి, అవి లెక్కలోకి రావు. నేలకు మాత్రం లెక్క ఉంది. పడమటి పక్క, బోరు కాలువ వెంబడి, చెరువు మన్ను తోలిన నేల, ఇరవై రెండు గుంటలు.